ఆకాశం మీద వేసిన నింద

1962 ఫిబ్రవరి 3, శనివారం పొద్దున కాలేజీకి బయలుదేరిన గాలయ్యకు తల్లి నర్సింగమ్మ గడప దగ్గరే అడ్డం కూర్చుంది. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరి ప్రళయం తెస్తాయని జనం భయపడుతున్న అష్టగ్రహ కూటమి ఆ రోజే మొదలు. నల్గొండంతా హోమాలు, గుసగుసలు.

గాలయ్య బి.ఏ. విద్యార్థులకు ఖగోళశాస్త్రం తొలిపాఠాలు చెప్పే లెక్చరరు. లెక్కలంటే బెదిరే ఆ పిల్లలను నిన్ననే మైదానంలో గ్రహాలుగా నిలబెట్టి, ఒకే దిక్కున కనబడే గ్రహాల మధ్య కోట్ల మైళ్ల దూరం ఉంటుందని చూపించాడు. అయినా ఈరోజు సగం మంది రారేమోనని అతనికి కాలు నిలవడం లేదు.

అంతలో నెలలు నిండిన భార్య అండాలు గోడ పట్టుకుని వచ్చింది. "నొప్పులొస్తున్నయి."

"రిక్షా తెస్త. దవాఖానకు పోదాం."

"మూడు దినాలు కడుపుతోనున్న పిల్ల బయటకు పోవద్దు" అంది నర్సింగమ్మ. "మంత్రసానిని పిలువు."

"బిడ్డ అడ్డం తిరిగింది, ఇంట్ల కాన్పు వద్దన్నది డాక్టరమ్మ! గ్రహాలేం చేస్తయమ్మా? నలభై మందికి చెప్పిన, నీకే చెప్పలేకపోతున్న."

"నీ పాఠం నాకొద్దు!" ఆమె గడప వదలలేదు. "నీకన్న ముందు నాకొక ఆడపిల్లరా. గ్రహణం నాడు దొర పొలంల వెట్టికి పోయిన. గట్టు మీదనే కాన్పయింది. పిల్ల దక్కలే. గ్రహణం మింగిందన్నరు. గదే నమ్మి బతికిన. గ్రహణం కాదంటె, నా పిల్లను నేనే సంపుకున్నట్టు గాదా?"

గాలయ్య ఇన్నాళ్లూ తల్లిది మూఢనమ్మకమనే విసుక్కున్నాడు. ఆమె పక్కన కూలబడి చేయి పట్టుకున్నాడు.

"నువ్వు గాదమ్మా. గ్రహణం గూడ గాదు. నిండు చూలాలివని తెలిసి గూడ నిన్ను పొలంల వంచిండ్రు. జర కూసోమన్నోళ్లు లేరు, దవాఖాన లేదు. నీ తప్పేం లేదు."

"గట్లంటవా?"

అండాలు మళ్లీ మూలిగింది. నర్సింగమ్మ దిగ్గున లేచింది. "ఇంక జూస్తవేందిరా, రిక్షా తే!" అంటూ కోడలి నడుం చుట్టూ చేయి వేసి తానే బయటికి నడిపించింది.

మధ్యాహ్నానికి ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరూ క్షేమం. నర్సు మనవరాలిని ఒడిలో పెడితే నర్సింగమ్మ పొత్తిగుడ్డ సర్ది చూసుకుంది.

"అదుంటే గిప్పుడు నలభై ఏండ్లది" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి, ఎవరినీ నిందించకుండా, పోయిన బిడ్డ కోసం ఏడ్చింది.