అలేఖ్య కోట, ప్రహ్లాద్ వరద

"చీటింగ్! ఇది పక్కా చీటింగ్!" అంటూ అలేఖ్య బల్ల మీద చేత్తో కొట్టేసరికి టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

ప్రహ్లాద్ గుండె కూడా ఎగిరిపడింది. అయితే దానికి కారణం వేరు. కోపమొస్తే ఆ పిల్ల ముక్కు ఎర్రబడుతుంది. ఆ ముక్కును ఇంత దగ్గర్నుంచి చూడటం ఇదే ఆఖరేమోనన్న దిగులు పొద్దుటి నుంచీ అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

2006లో కాలేజీ పిల్లలకు, ఒక్కో కార్డు మీద ఒక్కో శక్తి రాసి ఉండే బొమ్మల కార్డుల ఆట పిచ్చి పట్టింది. హుస్సేనీ ఆలంలో వైకుంఠం ఫ్యాన్సీ షాపు వెనక గదిలో ప్రతి ఆదివారం పోటీలే. పురానాపూల్ పాలవ్యాపారి కొడుకు ప్రహ్లాద్, కరెంటాఫీసు శ్రీహరిరావుగారి అమ్మాయి అలేఖ్య అక్కడ కలిసిన మొదటిరోజే పోట్లాడుకున్నారు. ఇప్పటికీ మానలేదు. ఇవాళ ఫైనల్స్. బుధవారం శ్రీహరిరావుగారి కుటుంబం ఊరికి ఆ చివరనున్న కూకట్‌పల్లికి మారిపోతోంది. ఈలోగా మనసులో మాట చెప్పేయాలని ప్రహ్లాద్ ఒట్టు పెట్టుకున్నాడు. నోరే పెగలడం లేదు.

"నా 'ఐరన్ ఫోర్ట్'ని ఏ కార్డూ కూల్చలేదు. అది నిలబడితే గెలుపు నాదే!" అంది అలేఖ్య.

"నేను 'ఫైనల్ ఫ్లడ్' వేసిన. బల్ల మీద ఒక్క కార్డు గూడ మిగలది. ఫోర్ట్ పాయె, నేను గెలిస్తి. గంతే!"

"లొల్లి బంద్ చెయ్యుండ్రి!" అన్నాడు షాపు యజమాని వైకుంఠం. "మన రివాజు ఎర్కే గదా? కార్డులు మార్చుకోండ్రి."

ఆ షాపులో పద్ధతే అది. రెండు కార్డులకు పేచీ వస్తే, ఎదుటివాళ్ల కార్డు చేతికి తీసుకుని దాని తరఫున మనస్ఫూర్తిగా వాదించాలి. దొంగవాదన చేస్తే ఆట పోయినట్టే. ఏ వాదన నిలబడితే వైకుంఠం తీర్పు అటే.

ప్రహ్లాద్ కోట కార్డు అందుకున్నాడు.

"అన్నా, నా కార్డు అందర్నీ పొమ్మంటది. గీ కోట ఒక్కటి 'నన్ను కూల్చొద్దు' అంటది. చెయ్యమనేటిదానికంటే వద్దనేటిదానికే బలమెక్కువ. ఆటల మొదటి రూలే గది. కోట నిలబడ్తది. అలేఖ్యనే గెలిచింది!"

ఆఖరి మాట అరిచినట్టే అన్నాడు. గదంతా ఈలలు.

అలేఖ్య వరద కార్డు చదివింది. ఆగి, మళ్లీ చదివింది.

"అంకుల్... ఇందులో 'కూల్చు' అన్న మాటే లేదు. బల్ల మీది కార్డులన్నీ ఎవరివి వాళ్ల చేతికి తిరిగిపోవాలని ఉంది. నా కోటను కూల్చకూడదు, నిజమే. ఇది కూల్చట్లేదుగా, ఎత్తి నా చేతిలో పెడుతోంది. అసలు ఈ రెండింటికీ గొడవే లేదు." కార్డు బల్ల మీద పెట్టేసింది. "ప్రహ్లాదే గెలిచాడు."

"వాదన అంటే గిట్లుండాలె! కప్పు ప్రహ్లాద్‌ది!" అన్నాడు వైకుంఠం.

కప్పు చేతికొచ్చేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ. ప్రహ్లాద్ కప్పు బల్ల మీదే వదిలేసి పరుగెత్తాడు. బయట వాన దంచేస్తోంది. అలేఖ్య షాపు రేకు కింద నిలబడి ఉంది.

"ఏంది, కోపమొచ్చిందా?"

"రాదా మరి? ఇన్నాళ్లుగా ఆడుతున్నావ్, నీ కార్డు మీద ఏముందో నువ్వే చదవలేదు!"

"నువ్వు ఎదురుంగ కూసుంటే అక్షరాలెక్కడ కనవడ్తయ్?"

అనేసి నాలుక్కరుచుకున్నాడు. అలేఖ్య గిరుక్కున తిరిగింది. ఇక దాచడానికేం మిగల్లేదు.

"నువ్వంటే నాకు మస్తు ఇష్టం, అలేఖ్యా. నువ్వు వోతే ఎట్లుండాల్నో తెలుస్తలేదు. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, మల్ల అడగ."

ఆమె వాన వైపు చూస్తూ అంది. "నిన్న నాన్నగారికి నీ గురించి చెప్పాను."

"ఏమని?"

"చేసుకుంటే నిన్నే చేసుకుంటానని. 'ఆ అబ్బాయి నిన్ను అడిగాడా?' అన్నారు."

"నువ్వేమన్నవ్?"

"ఎప్పుడో అడిగేశాడన్నాను. ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం అదే. పొద్దుటి నుంచీ నీ మొహం చూస్తూ చచ్చిపోతున్నాను. ఇప్పటికి నిజం చేశావ్!" అంటూ అతని చెయ్యి పట్టుకుని వానలోకి లాగింది. "పద, నిన్ను భోజనానికి తీసుకురమ్మన్నారు."