తలుపు వేసే ముందు

తాండూరు గూడ్స్‌షెడ్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడినట్టుంది. అనంతగిరి దిక్కు నుంచి నల్లటి మొగులు కమ్ముకొస్తోంది. వాన పడేలోపు ఆఖరి వ్యాగన్ నింపాలని హమాలీలు సిమెంటు బస్తాలతో ఉరుకుతున్నారు. గాలి నిండా సిమెంటు వాసన, తడవబోయే మట్టి వాసన.

దశరథ్‌కు మాత్రం ఆ మొగులు కూడా ముద్దుగానే కనిపించింది. పెళ్లయి నాలుగు నెలలు. షెడ్డు చివర అంజలి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడింది. ఆమె పచ్చగాజులు మోగితే చాలు, వీడి నెత్తిమీది బస్తా దూదైపోతోంది. తోటివాళ్లు ఊరుకుంటారా? బస్తాను కూడా పెండ్లాం లెక్కనే ఎత్తుతున్నాడని ఆటపట్టించారు.

అక్కడొక పద్ధతుంది. తలుపు వేసే ముందు ఒకడు వ్యాగన్‌లోకి తల పెట్టి, లోపల పనిచేసినవాళ్లను పేరుపేరునా పిలవాలి. వాళ్లు బయట, అతని వెనక నుంచి పలకాలి. ఎప్పుడో ఒకడు బస్తాల చాటున కునుకు తీసి లోపలే ఉండిపోయాడట. అప్పటినుంచీ ఈ పిలుపు. లోపలికి పోనివాళ్ల పేరు మాత్రం ఎన్నడూ పిలవొద్దని ముసలి భీమప్ప చెప్పేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు.

ఆ రోజు వంతు దశరథ్‌ది. ఐదు పేర్లు పిలిచాడు. ఐదుగురూ వెనక నుంచి పలికారు. ఆ చీకట్లో తన గొంతు గుండ్రంగా తిరిగి రావడం అతనికి భలే నచ్చింది. ఆమె పేరు ఇందులో ఎట్లా మోగుతుందో వినాలనిపించింది.

“అంజలీ...”

“ఆఁ.”

ఎదురుగా. బస్తాల వెనక నుంచి.

అతను తేరుకునేలోపే మేస్త్రి తలుపు లాగేశాడు. సీలు పడింది. ఆమె షెడ్డు చివర నుంచే పలికిందని అందరూ అనుకున్నారు. దశరథ్ తిరిగి చూశాడు. అంజలి అక్కడే ఉంది. నోరు తెరుస్తోంది... మూస్తోంది... చప్పుడు రావడం లేదు.

సీలు తియ్యమని దశరథ్ మేస్త్రి చేతులు పట్టుకుని బతిమాలాడు.

“ఏంరా, పిచ్చిలేసిందా? నీ పెండ్లాం గీడనే ఉన్నది. లోపల ఎవరున్నరని తియ్యాలె?”

మనిషి నిజంగానే అక్కడే ఉంది.

భీమప్ప దగ్గరికొచ్చి చెవిలో గుసగుసగా అన్నాడు.

“మల్ల పిలువకు దశరథా. ఈసారి ఎవరు పలుకుతరో.”

ఇంజను కూత పెట్టింది. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలాయి. ఆఖరి వ్యాగన్ దశరథ్ ముందు నుంచి పోతుంటే, లోపల గాజులు మోగాయి.

“ఏందయ్యా... తలుపు తియ్యవా...”

కోపం లేదు ఆ గొంతులో. ఆటనుకుంటోంది. అతను రేకును అరచేత్తో కొడుతూ పక్కనే పరుగెత్తాడు. ప్లాట్‌ఫాం అయిపోయింది. గార్డు డబ్బా ఎర్ర దీపం ధారూర్ వైపు వానలో కలిసిపోయింది.

రెండు రోజులకు ఎక్కడో ఆ వ్యాగన్ తెరిచారు. బస్తాలు తప్ప ఏమీ లేవని ఫోన్లో చెప్పారు.

అంజలి ఇంట్లోనే ఉంటోంది. వండుతుంది, నవ్వుతుంది. మాట లేదు. దవాఖానలో గొంతు బాగానే ఉందన్నారు. గూడ్స్ బండి పోయినప్పుడు మాత్రం పెదవులు కదుపుతుంది. రోజూ పడుకునే ముందు దశరథ్ ఆమె చేతులు సబ్బుతో కడుగుతాడు. ఆమె గడప దాటదు. అయినా పొద్దున లేచేసరికి గోళ్ల సందుల్లో సిమెంటు...

ఇవాళ రెండు గోళ్లు విరిగి ఉన్నాయి.