ఊపిరి జాడ

కోదాడ ముసాఫిర్ బంగళాలో గౌరయ్య సగం టీ తాగాడు. మిగతా సగం తాగేలోపే కుర్చీలోంచి ఒరిగిపోయాడు. అతను ఇంటెలిజెన్స్ బ్రాంచిలో వైర్‌లెస్ ఆపరేటర్. వయసు ఇరవై రెండు.

అది 1949, వానాకాలం. మూడో రోజు ఉదయం సూర్యాపేటలో కెప్టెన్ సోమయాజులు ఎదుట గౌరయ్య అన్న మల్సూర్ నిలబడ్డాడు. ఏజెంట్ నంబర్ పదిహేడు. తమ్ముడికి కొరివి పెట్టినప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు.

"వాడి పేరు బెకర్. ఆయుధాల వ్యాపారి, విదేశీ ముఠా నాయకుడు. మీ తమ్ముడు వాడి కోడ్ పట్టేశాడు, అందుకే చంపించాడు. సాయంత్రం ఆరున్నరకి మన సైనికుల లారీలు మూసీ వంతెన దాటతాయి. వాడు వైర్‌లెస్‌లో 'వడ్లు ఎండినయ్' అంటే చాలు, వంతెన లేచిపోతుంది."

"లారీలు ఆపరాదా సార్?"

"ఆపితే ఇవాళ మాయమై, రేపు ఇంకో వంతెన పేలుస్తాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో దాక్కున్నాడు. రెండుసార్లు సోదా చేశాం, దొరకలేదు. వాణ్ణి ప్రాణాలతో తేవాలి, మల్సూర్."

మల్సూర్ నడుముకున్న పిస్తోలు సర్దుకుని బయటికి నడిచాడు.

సాయంత్రానికి అతను ఖాకీ బట్టల్లో, వీపున డి.డి.టి. పంపుతో, దోమల మందు కొట్టే మలేరియా శాఖ మనిషిగా మిల్లు గేటు దాటాడు. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, సన్నని నవ్వుతో సరోజ ఎదురొచ్చింది. బెకర్ జీతం తింటూ కెప్టెన్‌కు కబుర్లు అందించే మనిషి ఆమె. మందు కొడుతున్నారంటూ పనివాళ్ళను బయటికి పంపేసి, అతణ్ణి గోదాము గుమ్మం దాకా తీసుకెళ్ళి, నవ్వు తీసేసి గొంతు తగ్గించింది.

"మీ తమ్ముడికి ఆ టీ పోసింది నేనే. అందులో ఏం కలిపారో నాకు తెలీదు. నమ్మితే నమ్మండి."

మల్సూర్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు. "నీ సంగతి తర్వాత. వాడేడి?"

"అన్నం ఈ గోదాములో పెట్టిపోతాను. తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. మనిషి మాత్రం కనపడడు."

అతను సంచిలోంచి గుడ్డ కట్టిన గాజు సీసా తీశాడు. లోపల సన్నగా రొద.

"నిన్నటి సంది ఉపాసమున్న ఆడదోమలు. రక్తం తాగేటివి గవే. మనిషి కనవడకున్నా, ఇడిసిన ఊపిరిని పట్టుకొని ఎంత దూరంకెల్లయినా వస్తయ్. దగ్గరికొచ్చినంక ఒంటి వేడి, చెమట వాసన సూస్కొని వాలతయ్."

"ఎంతమందిలో ఉన్నా నన్నే కుడతాయి."

"అందరి చెమట ఒక్క తీరుంటదా? నచ్చిన వాసన ఎంచుకుంటయ్."

తమ మీద వాలకుండా ఇద్దరూ ఒళ్ళంతా నిమ్మగడ్డి నూనె పూసుకున్నారు. గోదాములో సీసా గుడ్డ విప్పి, తమ ఊపిరి లోపలికి పోకుండా గాలికి ఎదురుగా గుమ్మం బయట నిలబడ్డారు. ఆరూ పది. ఆరూ ఇరవై. దోమలు కొంతసేపు పైకప్పు కింద తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే వెనక గోడ వైపు సాగాయి. ఊక బస్తాల పైన, రెండు ఇటుకల మధ్య వేలెడంత సందు. అన్నీ అక్కడే ముసిరి, లోపలికి దూరుతున్నాయి.

గోడ లోపల ఎవరో చెంప మీద చెళ్ళున కొట్టుకున్నారు.

మల్సూర్ చప్పుడు కాకుండా బస్తాలెక్కాడు. అవతల వైర్‌లెస్ గుయ్యిమంటోంది. ఆరూ ఇరవై తొమ్మిది.

"వడ్లు..." అంది లోపలి గొంతు.

పంపు గొట్టం సందులో దూర్చి బలమంతా పెట్టి నొక్కాడు. కిరోసిన్ కలిపిన మందు గుప్పుమంది. రెండో మాట దగ్గులో కలిసిపోయింది. మల్సూర్ కిందికి దూకి బస్తాలు లాగి, వాటి వెనకున్న చెక్క తలుపు తన్ని, వైర్లు తెంపేశాడు. బెకర్ నుదుటికి పిస్తోలు ఆనించాడు.

"గౌరయ్య," అన్నాడు.

బెకర్ ఎర్రబడిన కళ్ళతో చూశాడు. "ఎవరు?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. బుకాయింపు కాదు. నిజంగానే గుర్తులేదు. మల్సూర్ ట్రిగ్గర్ మీద వేలు వేశాడు.

"కెప్టెన్ ప్రాణాలతో తెమ్మన్నారు," అంది సరోజ నెమ్మదిగా.

పిస్తోలు దిగింది. మల్సూర్ వాడి చొక్కా విప్పించి, వడ్లు నానబెట్టే తొట్ల పక్కన స్తంభానికి కట్టేశాడు. తొట్ల మీద దోమలు మబ్బులా లేస్తున్నాయి. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"వాని పేరు గౌరయ్య. నా తమ్ముడు. జీపు వచ్చేదాంక గా పేరే అనుకుంట ఉండు."

ఎనిమిదింటికి కెప్టెన్ జీపు వచ్చింది. టీ సంగతి వాంగ్మూలంగా రాసిస్తానంటూ సరోజ తనే వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. బెకర్ మొహం వాచిపోయి గుర్తుపట్టేలా లేదు. పెదవులు ఇంకా గౌరయ్య పేరే గొణుగుతున్నాయి.

"ఎంత కొట్టావయ్యా వీణ్ణి?" అన్నాడు కెప్టెన్.

"చెయ్యి గూడ వెయ్యలె సార్. చల్లగాలికి కూసోవెట్టిన, గంతే."

కెప్టెన్ మరో ప్రశ్న వేయబోయి, మెడ మీద చెళ్ళున కొట్టుకుని, జీపు తొందరగా పోనివ్వమన్నాడు.