కాల్చని పైపు

"మీ బావని ఇవాళ చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, కాఫీలో చక్కెర కలుపుకుంటూ.

గూఢచారులకి భయం ఉండదని మీకెవరు చెప్పారో గానీ, వాళ్ళని పట్టుకొచ్చి ఆ నిమిషాన ఏజెంట్ టైల్స్ మోకాళ్ళు చూపించాలి. కుర్చీలో కూర్చుని ఉన్నాడు కాబట్టి పరువు దక్కింది. నిలబడి ఉంటే అక్కడే కూలబడేవాడు.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని టైల్స్ అనే పిలుస్తారు. ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను బాత్రూం టైల్స్ కంపెనీ సేల్స్ మేనేజరు. ఆ అబద్ధాన్ని ఎంత పకడ్బందీగా అల్లారంటే, ఇల్లు కట్టుకుంటున్న చుట్టాలు ఇప్పటికీ డిస్కౌంట్ అడుగుతుంటారు.

"ఎవరు సార్?" అడిగాడు టైల్స్.

"మామయ్య."

అవతలి దేశపు ముఠాకి ఇక్కడి నాయకుడి కోడ్‌నేమ్ అది. వాడు ఎవరికి మామయ్యో, మొహం ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. చీఫ్ టేబుల్ మీది రికార్డర్ నొక్కాడు. గరగరమంటూ శబ్దం, దాని వెనక ఒక ఆడగొంతు, హడావుడిగా:

"పైపుల పోటీ అయిపోగానే ఇంజినీరు పని పట్టేస్తారు. అందరి ముందూ కాల్పిస్తారు. మీ మనిషిని పక్కనే..."

అంతే. లైను తెగిపోయింది.

"సిల్క్ గొంతు," అన్నాడు చీఫ్. "వాళ్ళ ముఠాలో ఉంటూ మనకి కబురందించే డబుల్ ఏజెంట్. పుట్టింది వేరే దేశంలో. కానీ మన భాష నేర్చుకుని మనకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. పోటీ హాల్లో తుపాకీతో కాల్పిస్తారన్నమాట. అవతలి మేడ మీద నుంచి అయ్యుండాలి. హాలు నిండా కిటికీలే."

టైల్స్ బావ సాదాసీదా ఇంజినీరు కాదు. దేశపు రహస్య వైర్‌లెస్ నెట్‌వర్క్‌కి తాళాలు వేసేది ఆయనే. ఆ తాళాలు కంప్యూటర్లో ఉండవు, ఆయన బుర్రలోనే ఉంటాయి. ఆయన పోతే సరిహద్దు పొడుగునా మాట పడిపోతుంది. చీఫ్ భయం అది.

టైల్స్ భయం వేరే. అమ్మానాన్నా చనిపోయిన ఏడాదే అక్క పెళ్ళయింది. కొత్త కాపురానికి తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. అలా వచ్చిన బావమరిదిని చూసి ఒక్కసారైనా మొహం చిట్లించని మనిషి ఆ బావ. కంచంలో అన్నం పెట్టి, కాలేజీలో చేర్పించి, జ్వరం వస్తే తలగడ దగ్గర కూర్చున్నాడు. ఆయనకేమైనా అయితే అక్కకి ఏ మొహం పెట్టుకుని కనబడాలి?

"బావని ఇంట్లోనే ఉంచేద్దాం సార్. నేను కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను."

"ఆపితే సిల్క్ మనకి చెప్పిందని వాళ్ళకి తెలిసిపోతుంది. సాయంత్రానికి ఆమె ఉండదు. మామయ్య ఇంకో దారిలో వస్తాడు, అప్పుడు మనకి చెప్పేవాళ్ళుండరు."

"పోనీ బావకి సంగతి చెప్పేద్దాం."

"మీ బావ కడుపులో మాట దాగుతుందా?"

దాగదని టైల్స్‌కి తెలుసు. అక్క పుట్టినరోజుకి కొన్న చీర రంగు నెల ముందే ఆమెకి చెప్పేసిన ఘనుడాయన.

"నీకీసారి మారువేషం లేదు," అన్నాడు చీఫ్. "బావమరిది లాగే వెళ్ళు."

ఇన్నేళ్ళ సర్వీసులో గడ్డం లేకుండా, విగ్గు లేకుండా డ్యూటీకి వెళ్ళడం అదే మొదలు. ఒంటి మీద బట్టల్లేనట్టు అనిపించింది. చొక్కా కింద బులెట్‌ప్రూఫ్ జాకెట్, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్ ఇచ్చారు. జాకెట్టు అతనికొక్కడికే, బావకి లేదు.

బావమరిది పోటీకి తనతో వస్తానన్నాడని, పాత పొగాకు పైపులంటే ప్రాణమిచ్చే బావ సంబరం చెప్పనలవి కాదు. "ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చిందిరా!" అంటూ దారి పొడుగునా ఒకటే పాఠం. "ఇది మామూలు చెక్క కాదు, బ్రయర్. రాతి నేలలో పెరిగే పొద వేరు దగ్గర గడ్డ కడుతుంది. దాన్ని ఉడకబెట్టి, ఏళ్ళ తరబడి ఆరబెట్టి చెక్కుతారు. అందుకే నిప్పు తగిలినా మండదు. వింటున్నావా?"

"వింటున్నా బావా," అన్నాడు టైల్స్, ప్రతి డాబా మీదా ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ.

హోటల్ రెండో అంతస్తులో హాలు. బల్లల మీద నల్ల వెల్వెట్ పరిచి పాత పైపులు పేర్చారు. వంగిన మెడవి, నిటారువి, వెండి పట్టీలవి. పెద్దమనుషులు కంటికి భూతద్దాలు ఆనించుకుని ఒక్కో పైపు మెడ మీది ముద్రలు చదువుకుంటున్నారు. బావ నేరుగా వెళ్ళి అన్నిటికంటే పెద్ద కిటికీ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"బావా, ఇటు గోడవైపు కూర్చుందాం."

"వెలుతురు లేకపోతే చెక్క గీతలెలా కనబడతాయిరా?"

టైల్స్ వెళ్ళి కిటికీకీ బావకీ మధ్య నిలబడ్డాడు. ఎదురు మేడలో ఒక కర్టెన్ కదిలింది.

"ఎదురు మేడ క్లియర్," అంది చెవిలో చీఫ్ గొంతు. "ఆ కర్టెన్ వెనక ఎవరో ముసలావిడ. కుడిపక్క డాబా ఇంకా చూడాలి."

"ఒరేయ్, వెలుతురుకి అడ్డం రాకు!" విసుక్కున్నాడు బావ. టైల్స్ బెత్తెడు జరిగాడు. ఆ జరిగిన బెత్తెడులోంచే తూటా వస్తుందేమోనని మళ్ళీ వెనక్కి జరిగాడు.

అంతలో పచ్చ సిల్కు గౌను వేసుకున్న ఒకామె, చేతులకి తెల్ల గ్లవ్స్‌తో, వెండి పళ్ళెం పట్టుకుని వచ్చింది. హాల్లో సగం భూతద్దాలు పైపులొదిలేసి అటు తిరిగాయి.

"పట్టీ తుడుచుకునే గుడ్డ ఉందాండీ మీ దగ్గర?" అని అడిగింది టైల్స్‌ని. అది సిల్క్ చెప్పాల్సిన కోడ్.

"ఇంట్లో మర్చిపోయానండీ," అన్నాడు టైల్స్. జవాబు అదే.

ఆమె కళ్ళలో కంగారు కనబడింది. పెదవులు కదిలీ కదలకుండా, "మీరు కిటికీ వైపెందుకు చూస్తున్నారు?" అంది.

టైల్స్‌కి అనుమానమొచ్చింది. కిటికీ మీద నుంచి తన చూపు తప్పించాలని చూస్తోందా? ఇంతకీ ఈమె ఎటువైపు? ఇంకో మాట అడిగేలోపే పక్కన క్లబ్ సెక్రటరీ వచ్చి నిలబడ్డాడు. నున్నగా దువ్విన తెల్లగడ్డం, మొహమంతా నవ్వు.

"గురువుగారూ, మొదలుపెడదామా?" అన్నాడు బావతో. సిల్క్ తలవంచుకుని పళ్ళెంతో వేదిక దగ్గరికి వెళ్ళిపోయింది.

పోటీ సంగతి బావే చెప్పాడు. ముద్రల మీద నల్ల టేపు చుట్టిన పైపొకటి పెడతారు. అది ఎవరి చేతి పనో, ఎప్పటిదో సరిగ్గా గుర్తుపట్టినవాళ్ళదే పైపు. "ఈ ఏడు సెక్రటరీగారు కొత్త రూలొకటి పెట్టారు. నోట్లో పెట్టుకునే కాడ ఊడదీసి చూడకూడదట. పాతబడింది కదా, కీలు విరుగుతుందని. నాన్సెన్స్. చల్లగా ఉన్న పైపుకి ఏమవుతుంది? వేడి మీద లాగితే కదా విరిగేది!"

నలుగురైదుగురు చూసి తలలూపి, తప్పులు చెప్పి వెళ్ళిపోయారు. బావ వంతు వచ్చింది. వేదిక మీదికెక్కాడు. వేదిక వెనకాల ఇంకో కిటికీ! టైల్స్ పరుగున వెళ్ళి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. వచ్చే తూటా తన వీపుకి తగలాలి. జాకెట్టు ఆపితే ఆపుతుంది, లేకపోతే లేదు. అక్క మొహం కళ్ళముందు మెదిలింది.

బావకి ఇవేమీ పట్టలేదు. పైపుని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. పొగాకు కూరే గిన్నె దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పొగవాసన లేదు, లోపల మసి లేదు. అంటే ఇది ఇంతవరకూ ఎవరూ కాల్చని పైపు. కాడ గట్టి రబ్బరు. కిందిభాగం పచ్చబడింది, పైన నలుపు అలాగే ఉంది. పెట్టెలో సగం మూతపెట్టి ఉంచారు, వెలుతురు తగిలినంత మేరే రంగు తిరిగింది. పళ్ళతో పట్టుకునే చోట చీలిక లేదు, గుండ్రటి బెజ్జం ఉంది. అది మా తాతల కాలం నాటి పద్ధతి." మెడ మీద బొటనవేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "ముగ్గురన్నదమ్ముల వర్క్‌షాపుది. పెద్దాయన మెడ లావుగా చెక్కేవాడు. చిన్నాయనకి నునుపు వచ్చేదాకా ఓపిక ఉండేది కాదు. ఇది నడిపాయన చేయి."

సెక్రటరీ టేపు ఒలిచాడు. ముద్ర చూపించాడు. హాలంతా చప్పట్లు.

"కుడి డాబా క్లియర్," అంది ఇయర్‌పీస్. "అన్నీ క్లియర్. తుపాకీ అన్నదే లేదు టైల్స్, ఎక్కడా లేదు!"

మరి? పోటీ అయిపోయింది కదా? టైల్స్ సిల్క్ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూడటం లేదు. మొదటినుంచీ చూడలేదు. కళ్ళార్పకుండా బావ చేతిలోని పైపునే చూస్తోంది. గ్లవ్స్ తొడుక్కున్న వేళ్ళు పళ్ళెం అంచుని నలిపేస్తున్నాయి. ఆమె వెనకే అంటిపెట్టుకుని ఎవడో కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

సెక్రటరీ పొగాకు డబ్బా తెరిచి అందించాడు. "మన క్లబ్బు ఆచారం తెలిసిందే కదా! గెలిచినవారు తొలి దమ్ము ఇక్కడే, అందరి ముందూ కాల్చాలి!"

అందరి ముందూ కాల్చాలి.

టైల్స్‌కి రికార్డర్‌లో సిల్క్ అన్న మాట గుర్తొచ్చింది. కాల్పిస్తారు. ఓరి దేవుడా! తుపాకీ కాదు, పైపు! ఆ అమ్మాయి ఉన్నదున్నట్టే చెప్పింది. కాల్చడమంటే తుపాకీయేనని డిపార్ట్‌మెంట్ మొత్తం డాబాలెక్కి కూర్చుంది.

బావ పొగాకు కూరి, బొటనవేలితో అదిమి, కాడ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సెక్రటరీ అగ్గిపుల్ల గీసి ఇచ్చాడు. విషమని అరుద్దామా? బావ నవ్వేస్తాడు, నవ్వుతూనే ఒక దమ్ము లాగేస్తాడు. పరిగెత్తి లాక్కుందామా? వేదిక అవతలి అంచుకి అందేలోపు అయిపోతుంది. అగ్గిపుల్ల గిన్నె మీదికి వంగింది. కాడ ఊడదీయకూడదన్న కొత్త రూలు టైల్స్‌కి చప్పున గుర్తొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపు గొంతుతోనే, జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"బావా! ఆ కాడ మార్చేశారు! అది నకిలీ!"

హాల్లో భూతద్దాలన్నీ అతని వైపు తిరిగాయి. ఆ మనుషుల మధ్య అంతకంటే పెద్ద తిట్టు లేదు. బావ మొహం జేవురించింది. పైపు నోట్లోంచి తీశాడు. అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలితే విదిలించి పారేశాడు.

"ఏమన్నావురా? మార్చిన కాడని నేను గుర్తుపట్టలేనా?"

"లేవు!" అన్నాడు టైల్స్. బావతో అలా మాట్లాడటం అదే మొదలు. "దమ్ముంటే ఊడదీసి చూడు!"

"చూస్తా! చూపిస్తా!"

"లాగొద్దు!" అని కేక పెట్టాడు సెక్రటరీ. మొహం మీది నవ్వు ఇగిరిపోయింది. "గురువుగారూ, రూలు! విరుగుతుంది!"

అప్పటికే బావ కాడ మెలితిప్పి లాగేశాడు. మెడలోంచి శనగగింజంత మైనపు గోళీ వెల్వెట్ మీద పడి దొర్లింది. బావ ముందుకు వంగి, "ఇదేంటి?" అన్నాడు.

"ముట్టుకోకు బావా!"

"అదేం లేదు, తేమ పీల్చుకునేందుకు వేస్తారు," గొణిగాడు సెక్రటరీ.

"అయితే ఆ గోళీ మళ్ళీ లోపల పెట్టి, ముందు మీరు కాల్చండి," అన్నాడు టైల్స్, పరుగున వచ్చి బావ చేతిలోని పైపు ఆయన ముందుకి తోస్తూ.

సెక్రటరీ దాన్ని అందుకోలేదు. వేదిక దూకాడు. సిల్క్ చేతిలోని వెండి పళ్ళెం వెనకవాడి ముక్కు మీద ఠంగుమంది. మరుక్షణం అదే పళ్ళెం సెక్రటరీ కాళ్ళ మధ్య పడి, ఆయనగారు బోర్లాపడ్డారు. తెల్లగడ్డం ఊడి బల్ల కిందికి పోయింది. మామయ్య మొహం ఎలా ఉంటుందో డిపార్ట్‌మెంట్ చూడటం అదే తొలిసారి.

వేడి పొగ తగిలితే మైనం కరుగుతుంది, లోపలి విషంతో ఒక్క దమ్ముకే గుండె ఆగుతుంది. పైపు అలవాటున్న పెద్దమనిషి అందరి ముందూ గుండె పట్టుకుని పడిపోతే ఎవరికి అనుమానం వస్తుంది? ఆ వివరమంతా సిల్క్ చెబుతుంటే ఇయర్‌పీస్‌లో చీఫ్ వింటున్నాడు.

"తుపాకీ అని నేనెప్పుడన్నానండీ?" అంది ఆమె, నలిగిన గ్లవ్స్ విప్పుకుంటూ. "కాల్పిస్తారన్నాను. భాష మీదే కదా!"

చీఫ్ డాబాల మీది మనుషుల్ని దిగిపొమ్మన్నాడు.

బావని వెనక మెట్ల మీదుగా దింపి కారెక్కించారు. డోరు వేయగానే టైల్స్‌కి అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బావ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. బావ ఏమీ అడగలేదు. టైల్స్ కంపెనీ ఏమిటో, చొక్కా కింద ఆ జాకెట్టేమిటో అడగలేదు. వీపు నిమురుతూ కూర్చున్నాడు.

కారు వీధి మలుపు తిరిగాక బావ నోరు విప్పాడు.

"నలుగురిలో దాన్ని నకిలీ అన్నావు."

"నిన్ను చంపబోయారు బావా!"

"చంపబోయారు, కాదనను. కానీ ఆ కాడ అసలుదేరా. నడిపాయన చేతి పని. నాకోసం అసలుది వెతికి తెచ్చారు, చూశావా?" డ్రైవరుకి వినబడకుండా బావమరిది చెవి దగ్గరికి వంగాడు. "కేసు తేలాక దాన్ని నాకిప్పిస్తారేమో అడిగి చూడరా. శుభ్రంగా కడుక్కుంటాలే."