నలభై ఒకటి నుంచి అరవై ఏడు

శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మెకానిక్ గ్యారేజ్ షట్టర్ ఎత్తాడు.

మరుక్షణం ముక్కు మూసుకుని వెనక్కి గెంతాడు. లోపలంతా పొగ.

వరసలో ఆరు కార్లు. చివరిది ఎర్రది. దాని డ్రైవర్ సీట్లో యజమాని కూర్చుని ఉన్నాడు. తల స్టీరింగ్ మీదికి వాలిపోయి ఉంది. మెకానిక్ చెయ్యి పట్టుకు చూశాడు. చల్లగా ఉంది.

ఏడూ నలభైకి ఇన్‌స్పెక్టర్ స్కూటర్ దిగింది. స్టేషన్‌లో ఆవిడ పక్కన లేనప్పుడు అందరూ ఆవిడని 'జల్లెడ' అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా ఊరుకుంటుంది, ఎందుకంటే ఆ పేరు ఆవిడకి నచ్చింది.

"ఆత్మహత్యే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "షట్టర్ మూసుకున్నాడు. ఇంజన్ ఆన్ చేశాడు. కూర్చున్నాడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క గీత లేదు."

"మనిషి మీదా, కారు మీదా?"

"రెండింటి మీదా మేడమ్."

ఆవిడ వంగి లోపలికి చూసింది. డ్యాష్‌బోర్డ్ వెలుగుతోంది. కిలోమీటర్ల మీటర్‌లో 41. పెట్రోల్ ముల్లు అడుగున. డ్రైవర్ సీటు మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది, శవం దాని మీదే కూర్చుని ఉంది. పక్క సీటు మీద మాత్రం కవర్ లేదు.

"ఈ కారు కొని ఎన్నాళ్ళయింది?" అని మెకానిక్‌ని అడిగింది.

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళకి నలభై ఒక్క కిలోమీటర్లా? నా స్కూటర్ వారానికి అంతకంటే ఎక్కువ తిరుగుతుందయ్యా!"

మెకానిక్ నవ్వలేదు. "అవి కూడా షోరూమ్ నుంచి ఇంటికి తెచ్చినవే మేడమ్. ప్రపంచంలో ఇలాంటివి ఇరవై రెండే ఉన్నాయి. రేసు ట్రాక్ కోసం చేశారు. పొగని శుభ్రం చేసే కన్వర్టర్ కూడా పెట్టలేదు. పెట్రోల్ ఇంజన్‌తో ఇలాంటిది ఇక రాదు. అందుకే నడపకూడదు. నడిపితే ధర పడిపోతుంది."

"మరి కారు దేనికి?"

"అదే మేడమ్. నేనూ పదకొండేళ్ళుగా అదే అడుగుతున్నా."

ఆవిడ గ్యారేజ్ చుట్టూ నడిచింది. నేల అద్దంలా ఉంది. ప్రతి కారు వెనకా గోడకి ఒక చిన్న పెట్టె, దానికి ఒక ఆకుపచ్చ దీపం. నిలబెట్టిన కార్ల బ్యాటరీలు చావకుండా రాత్రింబవళ్ళు ప్రాణం పోసే ఛార్జర్లవి. ఆరు పెట్టెలు, ఆరు దీపాలు. ఎర్ర కారు వెనక పెట్టె తెర మీద 5:06 అని అంకెలున్నాయి.

ఆవిడ వాచీ చూసుకుంది. ఏడూ నలభై ఆరు. "ఆ పెట్టెని ఫోటో తియ్యి," అంది ఫోటోగ్రాఫర్‌తో. "తెర మీది అంకెలు కనపడాలి."

హెడ్ కానిస్టేబుల్ తల గోక్కున్నాడు.

చెత్తబుట్టలో ఉండ చుట్టి పారేసిన ప్లాస్టిక్ కవర్ దొరికింది. పక్క సీటుది. బల్ల మీద ఒక చిన్న నోటు పుస్తకం. తేదీలు, టైర్లలో గాలి లెక్క, నూనె మార్చిన రోజులు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. చివరి పేజీలో ఒకే ఒక్క లైను: *శనివారం. 41 + 26 = 67.*

శనివారం అంటే ఈరోజే.

చనిపోవాలనుకున్నవాడు రేపటి లెక్క ఎందుకు రాసుకుంటాడు? ఆవిడ పుస్తకం మూసి జేబులో వేసుకుంది.

*

గ్యారేజ్ పక్క తలుపుకి కోడ్ తాళం. ఆ కోడ్ యజమాని కాక ముగ్గురికి తెలుసు. తమ్ముడికి, మెకానిక్‌కి, వేలం కంపెనీలో కార్లకి ధర కట్టే వాల్యూయర్‌కి. ఆవిడ ఒక్కొక్కర్నీ పిలిచింది.

తమ్ముడు వస్తూనే వాచీ చూసుకున్నాడు. ఇంట్లో శవం ఉన్నవాడు వాచీ చూసుకోవడం ఆవిడకి రోత పుట్టించింది.

"రాత్రి ఎక్కడున్నారు?"

"పెళ్ళి రిసెప్షన్. మూడు దాకా అక్కడే. నాలుగొందల మంది చూశారు."

"మీ అన్నయ్య పోతే కారు ఎవరికి?"

"సగం నాకు, సగం మా అన్న కూతురికి. నేను దాచను మేడమ్, అమ్మేద్దామని నెత్తీ నోరూ బాదుకుంటున్నా. నాలుగు కోట్లకి కొన్నాం. ఇలాంటిదే పోయిన వేలంలో పదకొండు పలికింది. కానీ దానికోసం అన్నయ్యని నేనెందుకు..." మాట మింగేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు మొదటిసారి తమ్ముడిలా కనిపించాడు.

తర్వాత వాల్యూయర్. ఇస్త్రీ నలగని కోటు, సన్నటి గొంతు. కార్ల గురించి చెప్పమంటే చాలు, మొహం వెలిగిపోతుంది.

"వచ్చే నెల వేలంలో ఇదే మా కేటలాగ్ మొదటి పేజీ మేడమ్. పదిహేను కోట్లు వస్తాయని నేనే రాశాను. పదేళ్ళలో ఇంకో మూడింతలు. పెట్రోల్ కార్లు పోతున్నకొద్దీ ఇవి బంగారం."

"ఆయనతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. ఫోన్లో. మామూలుగానే ఉన్నారు. తర్వాత నేను ఇల్లు కదల్లేదు."

"ఈ కారుని మీరు చాలాసార్లు ముట్టుకుని ఉంటారు కదా?"

"అయ్యో లేదు! మా పని కాగితాలు, ఫోటోలు. కారు మీద చెయ్యి వేసేది మెకానిక్ ఒక్కడే. అది ఒప్పందంలోనే ఉంది."

చివర కూతురు వచ్చింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేనే చంపాను," అంది.

హెడ్ కానిస్టేబుల్ కళ్ళు తేలేశాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాగింది. "కూర్చోమ్మా. కూర్చుని చెప్పు."

"బుధవారం నాన్న ఫోన్ చేశారు. నేను అరిచాను. అమ్మ ఆస్పత్రిలో పోతున్నప్పుడు నువ్వు వేలంలో ఉన్నావన్నాను. పదహారేళ్ళప్పుడు ఆ కారులో ఒక్కసారి కూర్చుంటానంటే కవర్ చిరుగుతుందన్నావు, ఆ కారే నీ కూతురనుకో, నీకు వేరే కూతురు లేదనుకో అన్నాను. పెట్టేశాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "సరిగ్గా ఆ కారులోనే కూర్చుని పోయారు మేడమ్. నాకు జవాబు చెప్పారు."

ఇన్‌స్పెక్టర్‌కి ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఓదార్పు మాటలు ఎన్ని చెప్పినా ఇలాంటి చోట పనిచెయ్యవని తెలుసు. ఈ పిల్ల ఈ మాట మోసుకుని ఇంటికి వెళ్ళిందంటే బతికినన్నాళ్ళూ మోస్తుంది. దింపగలిగేది నిజం ఒక్కటే. అదీ దొరికితే.

"మీ ఇల్లు ఇక్కడికెంత దూరమమ్మా?"

"బస్సులో గంట పడుతుంది. ఎందుకు?"

"ఊరికే," అంది ఆవిడ.

పన్నెండింటికి పోస్టుమార్టం డాక్టర్ ఫోన్ చేశాడు. చావుకి కారణం పొగే. చనిపోయింది రాత్రి పది, పదకొండు మధ్య. కడుపులో కాఫీ, కాఫీలో నిద్రమాత్రలు. ఆవిడ ఫోన్ పెట్టేసి ఫోరెన్సిక్ వాళ్ళు ఇచ్చిన చిన్న కవర్ వెలుగుకి ఎత్తి చూసింది. తర్వాత గ్యారేజ్‌లోకి వెళ్ళి ఎర్ర కారు ఛార్జర్ వైరు పీకేసింది. కారు తాళం మాత్రం ఆన్‌లోనే వదిలేసింది. హెడ్ కానిస్టేబుల్‌ని వీధి కెమెరాల వెంట తరిమింది.

*

సాయంత్రం నాలుగింటికి అందరూ గ్యారేజ్‌లోనే చేరారు. తమ్ముడు, మెకానిక్, వాల్యూయర్, కూతురు. ఎర్ర కారు మధ్యలో. డ్యాష్‌బోర్డ్ ఇంకా వెలుగుతోంది, కానీ మసకగా.

"ఈ కారు కేసు ప్రాపర్టీ," అంది ఇన్‌స్పెక్టర్. "కోర్టు చెప్పేదాకా ఇది ఇలాగే ఉంటుంది. ఎవరూ ముట్టుకోకూడదు. తాళం కూడా తియ్యం."

"ఎన్నాళ్ళు?" అన్నాడు తమ్ముడు.

"ఏడాది పట్టచ్చు."

కారు లోపల ఏదో మోగింది. టింగ్. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర అక్షరాలు వెలిగి ఆరాయి. మళ్ళీ టింగ్.

"అదేంటి?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

"బ్యాటరీ మేడమ్," అన్నాడు మెకానిక్. "అయిపోవస్తోంది."

"అయిపోతే?"

"లోపల కంప్యూటర్ చచ్చిపోతుంది. ఈ మోడల్‌కి ఆ జబ్బుంది. కొత్తది దొరకదు, కంపెనీ చెయ్యడం మానేసింది. అప్పుడిది ఎర్ర రంగేసిన రేకు." మెకానిక్ చూపు తిప్పుకున్నాడు. "చావనివ్వండి మేడమ్. మనిషే పోయాడు."

టింగ్. టింగ్.

తమ్ముడు కంగారుగా ముందుకొచ్చాడు. బానెట్ వైపు చూశాడు, వెనక్కి చూశాడు. "వైరు ఎక్కడ పెట్టాలి? ఎవరైనా పెట్టండి!" అతనికి తెలియదు.

ఆవిడ వాళ్ళనెవర్నీ చూడటం లేదు. వాల్యూయర్‌ని చూస్తోంది. ఆయన నుదుటి మీద చెమట. దవడ బిగుసుకుపోయింది. ఒక్కో మోతకీ ఎవరో సూదితో పొడిచినట్టు ఉలిక్కిపడుతున్నాడు.

టింగ్. డ్యాష్‌బోర్డ్ ఒక్క క్షణం ఆరిపోయింది.

"మీకు బుద్ధుందా!" వాల్యూయర్ అరిచాడు. జేబులోంచి తెల్ల నూలు గ్లౌజులు లాగాడు. అంత కంగారులోనూ రెండు చేతులకీ తొడుక్కున్నాడు. వైరు అందుకున్నాడు. బానెట్ జోలికి పోలేదు. నేరుగా పక్క సీటు వైపు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కింద బొటనవేలంత మూత వైపు చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోని కారులో ఆ మూత ఉందని మీకెలా తెలుసు?"

వాల్యూయర్ ముఖంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

"మీ తప్పేమిటో చెప్తాను వినండి," అంది ఆవిడ. చెయ్యి వదల్లేదు. "పొద్దున నేను వచ్చేసరికి ఈ కారు ఛార్జర్ పెట్టి ఉంది. దీపం వెలుగుతోంది. ఇక్కడ అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడలేదు. కానీ ఇంజన్ ఆన్ చేసేవాడు ముందు వైరు పీకుతాడు. అవునా?"

"అవును," అన్నాడు మెకానిక్. "చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"పెట్టె తెర మీద అయిదు గంటల ఆరు నిమిషాలని ఉంది. వైరు పెట్టి అంతసేపయిందన్నమాట. అప్పుడు టైము ఏడూ నలభై ఆరు. వెనక్కి లెక్కేస్తే తెల్లవారుజాము రెండూ నలభై. మనిషి పోయింది పది, పదకొండు మధ్య. శవం లేచి వైరు పెట్టుకోదు కదా!"

వాల్యూయర్ మణికట్టు విడిపించుకోవాలని చూశాడు.

"నిన్న రాత్రి మీరొచ్చారు. కాఫీలో మాత్రలు కలిపారు. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టారు. కవర్ చిరక్కుండా కూర్చోబెట్టారు చూడండీ, అక్కడే నాకు అనుమానం వేసింది. ఇంజన్ ఆన్ చేసి ఇంటికెళ్ళారు. కానీ నిద్ర పట్టలేదు. చంపినందుకు కాదు. పెట్రోల్ అయిపోతుంది, తాళం ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది, కారు పోతుంది. తాళం తీసేస్తే ఆత్మహత్య అబద్ధమని తెలిసిపోతుంది. అందుకని ఊపిరి బిగబట్టుకుని లోపలికొచ్చి, శవం పక్కనుంచి చెయ్యి పెట్టి, ఛార్జర్ తగిలించి వెళ్ళారు. ఆ మూత సందులో తెల్ల నూలు పోగు దొరికింది. మెకానిక్‌వి రబ్బరు గ్లౌజులు."

హెడ్ కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "రెండూ ముప్ఫై ఒకటికి వీధి చివర కెమెరాలో మీ కారు సార్. నంబరు చక్కగా పడింది."

వాల్యూయర్ కూలబడ్డాడు. అంతలోనే కోపం తన్నుకొచ్చింది.

"నా ఇల్లు అమ్మి ఇదే మోడల్ కొన్నాను! ఈ వేలం మీదే దాని ధర నిలబడాలి. ఆరింటికి ఫోన్ చేసి, వేలానికి ఇవ్వనన్నాడు. బతిమాలదామని వస్తే కవర్ పీకి చెత్తబుట్టలో వేస్తున్నాడు. పదకొండేళ్ళ కవర్! పొద్దున్నే నడుపుకుంటూ వెళ్తాడట. ఇరవై ఆరు కిలోమీటర్ల కోసం! కోట్లు రోడ్డు మీద పారబోస్తానంటే ఎలా చూస్తూ ఊరుకోను?"

కూతురు తలెత్తింది. "ఇరవై ఆరా?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి నోటు పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది. చివరి పేజీ తెరిచి పెట్టింది.

"మధ్యాహ్నం నా స్కూటర్ మీద కొలిచి వచ్చానమ్మా. ఈ గేటు నుంచి మీ గేటుకి సరిగ్గా ఇరవై ఆరు. కవర్ తీసింది పక్క సీటుకి. తనకోసం కాదు. మీ నాన్న నీకు చెప్పాలనుకున్న జవాబు ఇదీ."

ఆమె ఆ లైను చదివింది. మళ్ళీ చదివింది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచీ ఏడవని ఏడుపంతా. తమ్ముడు వచ్చి పక్కన నిలబడి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

బేడీలు వేస్తుంటే వాల్యూయర్ వెనక్కి తిరిగాడు. "మేడమ్, దయచేసి ఆ వైరు పెట్టండి."

ఆవిడ పెట్టింది. అతని కోసం కాదు.

*

పద్నాలుగు నెలలకి కోర్టు కారు వదిలింది. సంతకాల కోసం ఇన్‌స్పెక్టర్ గ్యారేజ్‌కి వెళ్ళేసరికి తమ్ముడు ఫోన్ మీద ఫోన్ మాట్లాడుతున్నాడు.

"ఇరవై కోట్లంటున్నారు మేడమ్," అన్నాడు, సిగ్గుపడుతూనే. "హత్య జరిగిన కారని ధర పెరిగిందట. కథ ఉన్న కారు కావాలంటున్నారు. ఏం మనుషులో!"

"నా సగం నేను అమ్మను బాబాయ్," అంది కూతురు.

తమ్ముడు ఆమెనీ కారునీ మార్చి మార్చి చూశాడు. ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. "సరే. వెళ్ళిరామ్మా," అన్నాడు.

మెకానిక్ డ్రైవర్ సీటు కవర్ కూడా పీకేశాడు. కొత్త టైర్లు అప్పటికే వేసి ఉంచాడు. అతను స్టీరింగ్ పట్టుకున్నాడు, కూతురు పక్క సీట్లో కూర్చుంది. ఇంజన్ మేలుకుని గోడలు అదిరేలా గర్జించింది. ఇన్‌స్పెక్టర్ తన స్కూటర్ తీసి వెనకే బయల్దేరింది. పని ఉందని కాదు. వెళ్ళాలనిపించింది.

దారంతా ఆ కారు స్కూటర్ వేగంతోనే నడిచింది. పిల్లలు వెనక పరుగెత్తారు. ఎవరో ఫోటోలు తీశారు. ఒక గుంతలో దిగి అడుగు గీసుకుంది. మెకానిక్ ఆపలేదు.

కూతురి గేటు ముందు ఇంజన్ ఆగింది. ఇన్‌స్పెక్టర్ స్కూటర్ దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. మీటర్ మీద 67.

ఆమె ఒళ్ళో నోటు పుస్తకం తెరిచి ఉంది. తండ్రి రాసిన లైను పక్కన పెన్నుతో చిన్న టిక్కు పెట్టింది.

"వచ్చేశావు నాన్నా," అంది.