నీళ్లు అడగని మొక్కలు

మాచర్లలో ఆ ఉదయం ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటోంది. భార్గవి బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కేసరికి, అత్తగారు అలివేలమ్మ చెంబుతో చిన్న కుండీల్లో నీళ్లు పోస్తూ కనిపించింది.

అవి భార్గవి భర్త పవన్ పెంచిన, ఆకుల్లోనే నీరు దాచుకునే సక్యులెంట్ మొక్కలు. అరచేతిలో పట్టేంత కుండీలు, దళసరి ఆకులు, ఆకుపచ్చ మీద తెలుపూ గులాబీ చారలు. చారలున్న రకాలు మరీ సున్నితమని, పదిహేను రోజులకోసారి తడిపితే చాలని అతను పదేపదే చెప్పేవాడు. కిడ్నీలు పాడై అతను పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచీ వాటిని భార్గవే కనిపెట్టుకుని ఉంది. పది రోజులు పుట్టింటికి వెళ్లి నిన్ననే వచ్చింది.

గబగబా వెళ్లి ఓ కుండీ అందుకుంది. ముట్టుకోగానే ఆకు జావలా చితికిపోయింది. పక్కదీ అంతే. మూడు తప్ప అన్నీ కుళ్లిపోయాయి.

"రోజూ పోస్తన్నావా అత్తా?"

"పొయ్యకపోతే ఎట్టమ్మా? ఎండకి మాడిపోతన్నయ్యిగా."

"వద్దని ఎన్నిసార్లు చెప్పా! ఆయన చేత్తో పెట్టినయ్యి ఇయ్యేగా మిగిలింది. వాటినీ చంపేశావు!"

అలివేలమ్మ చెంబు కింద పెట్టి పిట్టగోడ పక్కన చతికిలబడింది.

"ఆఖరిరోజు వాడు నీళ్లడిగాడే. అమ్మా, ఒక్క గుక్క పొయ్యమ్మా అని. డాక్టరు వద్దన్నాడని తడిగుడ్డతో పెదాలు తుడిచి ఊరుకున్నా. తెల్లారేతలికి పోయాడు. ఎట్టాగూ పోయే బిడ్డకి గుక్కెడు పోస్తే ఏం పోయేది? ఇప్పుడు ఏది ఎండలో ఉన్నా నా చెయ్యి ఆగటంలా, భార్గవీ."

భార్గవి మెల్లగా ఆమె పక్కన కూర్చుంది. ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట బయటపెట్టింది.

"నన్నూ అడిగాడత్తా. వినలేక బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నా. పిలుస్తానే ఉన్నాడు. నేను పోలా. నువ్వన్నా పక్కనున్నావు."

అలివేలమ్మ కోడలి తల గుండెకు హత్తుకుంది.

కాసేపటికి ఇద్దరూ లేచి, బతికిన మూడు మొక్కల నుంచి గట్టి ఆకులు కొన్ని తుంచి పొడి ఇసుక మీద పరిచారు. ఆకు నుంచే వేళ్లు వస్తాయని భార్గవి చెప్పింది.

"వీటికి నీళ్లెప్పుడు పొయ్యాలమ్మా?" బెరుగ్గా అడిగింది అలివేలమ్మ.

"వేళ్లు రానీ అత్తా. అప్పుడు నువ్వే పోద్దువుగాని."

కొడుకు పోయిన రోజు కూడా ఏడుపు బిగబట్టుకున్న ఆ తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.