మేయరుగారి సీసపు బిళ్ల

పద్దెనిమిది వందల యాభైల్లో హాలిఫాక్స్ ఊరికి గావిన్ మెక్‌రే మేయరు. రేవులో రెండు గిడ్డంగులు, ఎండుచేపల వ్యాపారం, చర్చిలో పెద్దరికం. స్కాట్లాండు నుంచి ఒక్క పెట్టెతో దిగినవాడు రచ్చ గెలిచాడు. ఇంట గెలవడమే మిగిలిపోయింది. భార్య పోయి పదేళ్లు. ఆ శనివారం పొద్దున, పన్నెండు మంది పట్టే బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఓట్స్ జావ తింటున్నాడు.

"ఉప్పు సరిపోయిందా అన్నయ్యా?" అంది ఇల్లు చూసుకునే చెల్లెలు ఎఫీ.

"ఊఁ."

"నిన్న సభలో గంటసేపు మాట్లాడావట. నాకు 'ఊఁ' ఒక్కటేనా?"

ఈలోగా వంటింటి తలుపు తోసుకుని ఎల్స్‌పెత్ వచ్చింది. గావిన్‌కి ఒక్కతే కూతురు. రేవులో పీపాలు చేసే డూగల్‌ని పెళ్లాడి ఆరేళ్లయింది. అప్పటి నుంచి ఈ గడప తొక్కలేదు. ఇప్పుడూ కూర్చోలేదు.

"సోమవారం ఓడెక్కుతున్నాం నాన్నా, ఆస్ట్రేలియాకి. రేపు ఒక్కసారి అందరితో ప్రభువు బల్ల దగ్గర కూర్చుని వెళ్తాను. నాకూ ఒక బిళ్ల ఇవ్వు."

వాళ్ల చర్చిలో ప్రభువు బల్లకి, అంటే అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకి, రావాలంటే పెద్దలు ముందురోజు ఇచ్చే సీసపు బిళ్ల చేతిలో ఉండాలి. తప్పు చేసినవాళ్లు పెద్దల ముందు నిలబడి ఒప్పుకుంటే గానీ అది ఇవ్వరు. ఎల్స్‌పెత్ ఎప్పుడూ నిలబడలేదు.

"మధ్యాహ్నం పెద్దలందరం కూర్చుంటాం. వచ్చి చెప్పు, ఇస్తాను. ఊరికో న్యాయం, నా కూతురికో న్యాయం కుదరదు" అన్నాడు గావిన్.

"చెప్పాను కదా. పెళ్లికి ముందే కడుపొచ్చిందని అందరికంటే ముందు నీకే చెప్పాను, ఈ గదిలోనే. మర్నాడు నువ్వు దాన్ని పెద్దల ముందు బయటపెట్టావు."

"సంఘ పెద్దగా అది నా బాధ్యత."

"నేను మా నాన్నకి చెప్పుకున్నాను."

గావిన్ మళ్లీ చెంచా అందుకున్నాడు. ఎల్స్‌పెత్ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఎఫీ గిన్నె తీస్తూ, "నీ మనవడికి నీ ముక్కే వచ్చింది. రేవులో రోజూ చూస్తావు, పలకరించవు. సోమవారం నుంచి చూడ్డానికి కూడా ఉండడు" అంది.

సాయంత్రానికి గావిన్ అందరికీ బిళ్లలు పంచేశాడు. తర్వాత జీవితంలో మొదటిసారి కూతురి ఇంటికి వెళ్లాడు. ఆమె మూటలు కడుతోంది. అరచేతిలో బిళ్ల పెట్టాడు.

"పెద్దలు ఒప్పుకున్నారా?"

"అడగలేదు. ఇది నాది."

"మరి నువ్వు?"

"వెనక కూర్చుంటాను. నన్ను నమ్మి చెప్పుకున్న మాట బయటపెట్టాను. ఆ తప్పు నేనూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు."

ఆదివారం చర్చిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. కొత్తవాళ్లు కూర్చునే ఆఖరి బెంచీ మీద మేయరు ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చోవాలో వద్దో తెలియక ఎవరూ కూర్చోలేదు. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని, తలొంచుకుని ఉన్నాడు. అంత పెద్దమనిషి అంత ఒంటరిగా ఉండగా ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన రోజూ అలాగే ఉంటాడని ఎఫీకి తెలుసు.

వరసలో ఎల్స్‌పెత్ వంతు వచ్చింది. బిళ్లలు తీసుకునే సంఘ పెద్ద ఒకాయన పళ్లెం చాపాడు. ఆమె బిళ్ల వెయ్యలేదు. వెనక్కి తిరిగి చూసి, వరసలోంచి బయటికొచ్చి, చర్చి పొడవునా నడుచుకుంటూ ఆఖరి బెంచీ దగ్గరికొచ్చింది.

"అదేంటి, ఇచ్చాను కదమ్మా" అన్నాడు గావిన్, గొంతు తగ్గించి.

"ప్రభువు బల్ల ఆస్ట్రేలియాలోనూ ఉంటుంది నాన్నా. నువ్వుండవు. కొంచెం జరుగు."

బెంచీ అంతా ఖాళీగానే ఉంది. అయినా గావిన్ జరిగాడు. కూతురి చెయ్యి పట్టుకుని, ఊరంతా చూస్తుండగా ఏడ్చాడు.